కుంకుమ బొట్టు పెట్టిన కార్డు

ఆయుధ పూజ నాడు మా అమ్మ మోటారు పంపుకీ స్కూటర్‌కీ బొట్లు పెట్టి, చివరికి నా కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. దుమ్ము తుడుద్దామని నేను దాని పక్క పలక ఊడదీసి ఉంచాను. వద్దనేలోపే, తెరమీద బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డు అంచుకి గంధం పూసి, ఇంత కుంకుమ అద్దేసింది. ఎంత తుడిచినా ఆ మరక పోలేదు. అమ్మ మీద విసుక్కున్నాను కూడా.

ఆ కార్డు మీద నేను ఎక్కువగా ఆడింది ఒకే ఒక్క పాత ఆట. కర్నూలులో చదువుకునేటప్పుడు నేనూ నా స్నేహితుడూ గదిలో వంతులేసుకుని ఆడిన ఆట అది. తుపాకీ పేలితే అద్దం పగిలి ముక్కలు ముక్కలుగా రాలేది. మనిషి నడిస్తే నేలమీది కాగితాలు లేచి ఎగిరేవి. గెలుపు మాకు పట్టేది కాదు, ఆ కాగితాల కోసమే ముందుకీ వెనక్కీ నడిపించేవాళ్లం.

వాడిప్పుడు కర్నూలులో కంప్యూటర్ల కొట్టు పెట్టుకున్నాడు. పోయిన ఎండాకాలం నందికొట్కూరు నుంచి బస్సెక్కి వెళ్లి, వాడి దగ్గరే కొత్త కార్డు తీసుకున్నాను.

"పాతది ఈడే పెట్టిపో అప్పా, అది చేసేవన్నీ కొత్తది చేస్తాది" అన్నాడు. మారుమాట లేకుండా ఇచ్చేశాను.

ఇంటికొచ్చి ఆట పెడితే, అద్దం పగిలిన ప్రతిసారీ తెర నత్తనడక నడిచింది. ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. అద్దాలూ కాగితాలూ ఎలా కదలాలో చూసుకునే పాత లెక్కలు ఈ కొత్త కార్డుకి చేతకావు. తయారుచేసినవాళ్లే ఆ సదుపాయం తీసేశారట. పాత కార్డును కూడా పక్కన బిగించి, ఆ లెక్కలు దానికి అప్పగిస్తే చాలునట. వెంటనే వాడికి ఫోన్ చేశాను.

"నీ కార్డు ఇంకా యాడుంటాదప్పా, ఎప్పుడో అమ్మేస్తి. అయినా ఒక్క ఆట కోసరం ఇంకో కార్డు శానా దండగ. కరెంటు తింటాది, వేడి పుట్టిస్తాది. తేడా ఏమీ కనపడదు."

నమ్మాను. ఆ హంగులన్నీ ఆపేసి, కాగితాలు కదలని గదుల్లో ఆడుకున్నాను. ఎవరైనా అడిగితే దండగేనని, వాడి మాటే నా మాటగా చెప్పాను.

మొన్న ఇంటికి భోజనానికి పిలిచాడు. తిన్నాక వాడు సోడాలు తేవడానికి వీధిలోకి వెళ్లాడు. వాడి కంప్యూటర్‌లో మా ఆట పెట్టే ఉంది. కూర్చుని మనిషిని నడిపించాను. కాగితాలు లేచాయి, గాలిలో తిరిగాయి. ఒక్క క్షణం భలే సంతోషమేసింది. అప్పుడు చూశాను, కంప్యూటర్ పెట్టె పక్క అద్దంలోంచి. పెద్ద కార్డు కింద ఇంకో కార్డు, దాని అంచుమీద ఎండిన కుంకుమ.

వాడు సోడాలతో గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నిజంగానే పెద్ద తేడా లేదప్పా" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఒళ్లు మండిపోయింది. కార్డు పోయినందుకు కాదు, ఆ కాగితాలంటే నాకెంత ఇష్టమో తెలిసీ తేడా ఉండదన్నందుకు.

"నోరు తెరిచి అడిగింటే ఇయ్యనా అప్పా?" అన్నాను.

ఎగిరిన కాగితాలన్నీ నేలకు దిగేదాకా చూసి, లేచి చెప్పులేసుకున్నాను.