ఖాళీ మిక్సీ తిరిగే ఇల్లు

టాటానగర్ దగ్గర గోల్‌మురిలో బంగార్రాజు ఇంట్లో ఏదైనా ముఖ్యమైన మాట మాట్లాడాలంటే ముందు మిక్సీ వెయ్యాలి. చట్నీ కోసం కాదు. జార్‌లో ఏమీ ఉండదు. ఖాళీ మిక్సీ గుర్రుమని తిరుగుతుంటే, దాని గోలని మించి చిలకమ్మ అరుస్తుంది, మొగుడు వింటాడు. మిక్సీ ఆపితే మళ్ళీ ఏమీ వినపడదు.

"గ్యాస్ బుక్ సేసారేటండీ?" అని మామూలుగా అడిగితే, "అవునే, ఎండ మండిపోతంది" అంటాడు. అదే ప్రశ్న మిక్సీ వేసి అడిగితే, "అరె, మర్సిపోయానే!" అని నాలుక కరుచుకుంటాడు.

పక్క క్వార్టర్ల వాళ్ళకి ఈ సంగతి తెలీదు. ఈ తెలుగువాళ్ళు రోజుకి ఎనిమిదిసార్లు చట్నీ తింటారని వాళ్ళ గట్టి నమ్మకం.

చిలకమ్మ అనుమానం వేరు. "గోలలో ఇనపడి, గోల లేనప్పుడు ఇనపడని సెవులు ఎక్కడైనా ఉంటాయేటి? నా మాటంటే లెక్కలేదు, అంతే!"

బంగార్రాజుకీ ఓ వాదన ఉంది. అతను రేకుల ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఏ మెషీన్ తేడాగా తిరుగుతున్నా అతన్నే పిలుస్తారు. అడుగు పొడవు స్క్రూడ్రైవర్ కొసని బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్ళు మూసుకుంటాడు. లోపల గోళీ అరిగిందో, గ్రీజు ఎండిందో చెప్పేస్తాడు. అందుకే అక్కడ అతని పేరు 'కాన్‌వాలా రాజు'. అంటే చెవుల రాజు! అలాంటి రాజుని పట్టుకుని చెవుడంటే ఊరుకుంటాడా?

"బేరింగులో రవ్వంత తేడా ఇనేవోణ్ణే! మీరే నోట్లో నోట్లో గొణుగుతన్నారు!"

లోపల మాత్రం చిన్న భయం. చెవుడన్న మాట బయటికి పొక్కితే ఆ పేరు పోతుంది. స్క్రూడ్రైవర్ ఇంకొకడి చేతికి వెళ్ళిపోతుంది.

వాళ్ళమ్మాయి రీనా నాలుగో క్లాసు. గొంతు పిచ్చుక గొంతంత. రోజూ సాయంత్రం డాడీ షిఫ్టు నుంచి రాగానే మెడ చుట్టూ చేతులేసి చెవిలో ఏదో గుసగుసలాడేది. అతనికి తగిలేది వెచ్చటి ఊపిరి ఒక్కటే. అయినా "ఊ... అలాగేనమ్మా" అనేవాడు. ఆ ముక్క ఏ ప్రశ్నకైనా సరిపోతుందని అతని ధీమా. ఉన్నట్టుండి ఓ రోజు నుంచి గుసగుసలు ఆగిపోయాయి. పిల్ల పెద్దదవుతోంది కాబోలు అనుకున్నాడు గానీ, చెవి దగ్గర ఆ వెచ్చదనం లేక సాయంత్రాలు బోసిపోయాయి.

తొంభై ఎనిమిది వేసవిలో చిలకమ్మ తల్లి కస్తూరమ్మ విజయనగరం నుంచి వచ్చింది. తీసుకురాడానికి ముగ్గురూ టాటానగర్ స్టేషన్‌కి వెళ్ళారు. ప్లాట్‌ఫారం మీద ఉండగానే పక్క పట్టాల మీద గూడ్సు బండి మొదలైంది. అరవై పెట్టెలు, ధడధడధడ! ఆ గోలలో కస్తూరమ్మ మనవరాలి వైపు వంగి, "ఏటే గుంటా, మీ డాడీతో ఊసులాడ్డం మానేసావట?" అని అరిచింది.

రీనా అంతకన్నా గట్టిగా అరిచింది. "డాడీ కో కుఛ్ భీ బోలో, ఊ బోల్తే హై అమ్మమ్మా! ఏం చెప్పినా ఊ అంతే! మైనే హాథీ మాంగా! ఏనుగు! ఇంట్లో పెంచుకుంటానన్నా! దానికీ ఊ అన్నారు! డాడీకి చెప్పడం వేస్ట్!"

ప్రతి అక్షరం బంగార్రాజుకి వినపడింది. బండి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద అందరి నోళ్ళూ కదులుతున్నాయి. ఒక్క మాటా లేదు.

ఇంటికొచ్చాక తనే మిక్సీ స్విచ్ వేశాడు. "చిలకా, నాను ఏనుక్కి ఊ అన్నానట గదే!"

"ఏనుక్కే గాదు, మొన్న నానడిగితే మా అమ్మ కాశీ యాత్రకీ ఊ అన్నారు! పది మందిని తీసుకెల్తానన్నారు!"

"పది మందినా?"

సరిగ్గా అప్పుడే మిక్సీ టప్పుమంది. నల్లటి పొగ, కాలిన రబ్బరు కంపు. ఏడాదిన్నరగా ఉత్తినే తిరిగి తిరిగి పాపం దాని ప్రాణం పోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. చిలకమ్మ పెదాలు కదిలాయి. బంగార్రాజు నాలుక చివరికి 'ఊ' వచ్చింది. దాన్ని మింగేశాడు.

"ఏటన్నావే? నాకు... నాకినపళ్ళేదు."

పెళ్ళయ్యాక అతని నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. చిలకమ్మ ఏడవబోయి, పొగకి దగ్గొచ్చి, ఆ దగ్గులోంచి నవ్వొచ్చి కూలబడింది.

మర్నాడే ఇద్దరూ చెవుల డాక్టర్ ఇంద్రజ దగ్గరికి వెళ్ళారు. డాక్టరమ్మ రెండు కాళ్ళ ఇనప పుల్లని మోచేతికి కొట్టి బంగార్రాజు కుడి చెవి పక్కన పెట్టింది. అతను అడ్డంగా తలూపాడు. తర్వాత దాని మొదలుని చెవి వెనక ఎముకకి ఆనించింది. జుమ్మ్మ్! బంగార్రాజు స్టూలు మీంచి ఎగిరి పడ్డాడు.

"ఇది మా స్క్రూడ్రైవర్ కదమ్మా!"

సంగతంతా విని డాక్టరమ్మ పగలబడి నవ్వింది. "బంగార్రాజు గారూ, మీ లోపలి మెషీన్ బాగానే ఉంది. అందుకే ఎముక మీదుగా వినగలుగుతున్నారు. బయటి శబ్దాన్ని లోపలికి అందించే బుల్లి ఎముక ఒకటి బిగుసుకుపోయింది."

"జామైపోయిందాండీ?"

"జామే!"

"మరి మిక్సీ ఏస్తే ఎలాగ ఇనపడతందమ్మా?" అంది చిలకమ్మ.

"ఆ గోల ఆయనకి మనకంత గట్టిగా వినపడదు. మీరేమో దాన్ని మించి అరుస్తారు. అదే కిటుకు."

"సూసావా, నాటకం కాదు!" అన్నాడు బంగార్రాజు, ప్రైజు కొట్టినవాడిలా.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. చెవికి మిషన్ పెట్టుకోవచ్చు. లేదా ఆపరేషన్ చేసి, ఆ ఎముక చోట పిస్టన్ అమర్చొచ్చు. ఎక్కువ మందికి బాగుపడుతుంది గానీ గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

"పిస్టనా? సెవిలోనా?" బంగార్రాజు కళ్ళు వెలిగాయి. కాస్త భయపడ్డాడు కూడా. జేబురుమాలు ఇటు మడిచాడు, అటు మడిచాడు. "మా గుంట మాటలు ఇనపడాలమ్మా. పిస్టనే ఏసెయ్యండి."

ఆపరేషన్ రోజు మత్తు చెవి వరకే ఇచ్చారు. బల్ల మీద కదలకుండా పడుకున్నాడు. చివర్లో డాక్టరమ్మ గుసగుసగా, "వినపడుతోందా?" అంది.

"అరవకండమ్మా! పక్కనే ఉన్నాను గదేటి!"

వారం తర్వాత చెవిలో దూది తీశారు. ఇంటికెళ్తుంటే ఆటోలో అతని ముఖం చూడాలి! తన చెప్పులు టపటపలాడతాయని అతనికి గుర్తే లేదు. పేపరు మడిస్తే ఇంత చప్పుడా? పోపులో ఆవాలు చిటపటమంటే వంటింట్లోకి పరిగెత్తి, "ఏటే, ఏటి పేలింది?" అన్నాడు.

"మెల్లగా మాటాడండి, నాకేం సెవుడు లేదు" అంది చిలకమ్మ దర్జాగా.

రీనా గుమ్మం దగ్గరే నిలబడింది. ఇంకా నమ్మకం కుదరలేదు. మెల్లగా వచ్చి, డాడీ మెడ చుట్టూ చేతులేసి, కుడి చెవికి మూతి ఆనించి గుసగుసలాడింది. వెచ్చటి ఊపిరి. ఈసారి ఊపిరిలో మాటలున్నాయి.

"డాడీ, ఏనుగు ఎప్పుడు తెస్తారు?"

బంగార్రాజు కూతురి వైపు తిరిగాడు. నిదానంగా, స్పష్టంగా అన్నాడు.

"ఏనుగు కుదర్దమ్మా. క్వార్టర్లో పట్టదు."

రీనా చేతులు వదిలేసి అతని ముఖంలోకి చూసింది. తర్వాత కెవ్వున కేకేసి, వంటింట్లోంచి వీధిలోకి, వీధిలోంచి పక్కింటి గుమ్మంలో కూర్చున్న అమ్మమ్మ దాకా గెంతుకుంటూ పరిగెత్తింది.

"డాడీ నే నా బోలా! అమ్మమ్మా, డాడీ కుదర్దన్నారు! డాడీ నే నా బోలా!"