కళ్లంలో టెన్నిసు

మొన్న సాయంత్రం టీవీలో స్పెయిన్ దేశపు పాత టెన్నిస్ ఆటగాడొకడు తన కథ చెప్పుకుంటున్నాడు. ఆట మానేసి చాలా కాలమైందట. చిన్నప్పుడు తమ ఊరి క్లబ్బువాళ్లు కోర్టు తాళంచెవి తన చేతికే ఇచ్చేసి, ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు ఆడుకోమన్నారని, అక్కణ్ణుంచే దేశాలన్నీ తిరిగానని నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పాపం, అతనేం చేశాడు? నా మంటంతా విజయనగరంలో మేం పెరిగిన పేటలోని క్లబ్బు మీద.

మా నాన్న కోవెల్లో సన్నాయి వాయించేవారు. అమ్మ మాలలు కట్టేది. పూజకి మాల ఇవ్వడానికి మా అప్ప, అంటే మా పెద్దక్క, రోజూ రైల్వే ఆఫీసరు గారింటికి వెళ్లేది. ఆఫీసరు గారి భార్యకి టెన్నిసంటే ప్రాణం. తోడు ఆడేవాళ్లు లేక ఒకరోజు అప్పని క్లబ్బుకి తీసుకెళ్లి, అవతల నిలబెట్టి, బంతి కొట్టమంది. అప్ప ఓణీ నడుముకి బిగించి, వట్టికాళ్లతో ఎర్రకంకర మీద పరుగెత్తింది. అప్పది ఎడమచేతివాటం. ఆ చేత్తో అన్నం తింటోందని అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసిందో! ఆ చేత్తోనే కొడుతుంటే రెండేళ్లు తిరిగేసరికి దాని బంతి తిరగ్గొట్టే మగాడు ఆ క్లబ్బులో లేకపోయాడు. ఆఫీసరు గారికి బదిలీ అయి ఊరొదిలి వెళ్తూ ఆవిడ తన రాకెట్ అప్పకే ఇచ్చేసింది.

ఆ వేసవిలో క్లబ్బు సెక్రటరీ గారబ్బాయి మద్రాసు చదువు నుంచి సెలవులకొచ్చి, సరదాగా అప్పతో ఆడాడు. టీలు తాగుతున్న పెద్దమనుషులందరి ముందూ ఓడిపోయాడు. మర్నాటికి గేటుకి తాళం. నాన్న నన్ను వెంటబెట్టుకుని సెక్రటరీ గారింటికి వెళ్లారు. ఆయన కుర్చీలోంచి లేవనైనా లేదు. "సన్నాయి వాయించుకునేవాళ్ల పిల్లకి టెన్నిసేటయ్యా? సిగ్గుగా లేదూ?" అన్నాడు. నాన్న తల వంచుకుని వచ్చేశారు. మరుసటేడు ఆ అబ్బాయి పెళ్లికి వెళ్లి సన్నాయీ వాయించారు. ఆ రోజు అప్ప నాన్నకి అన్నం వడ్డించలేదు. నేనైతే చాలారోజులు మాట్లాడలేదు.

అప్ప ఏడవలేదు. రాకెట్ పట్టుకుని రైలెక్కి కోటబొమ్మాళిలో మా మావ దగ్గరికి పోయింది. నూర్పులైపోయి కళ్లం ఖాళీగా ఉంది, పేడతో అలికి రాయిలా గట్టిగా. సున్నంతో గీతలు గీసి, అడ్డంగా పాత వల కట్టింది. "ఒసే, కళ్లంలో సేపలు పడతావేటే?" అని మావ నవ్వాడు. నవ్విన మనిషే రోజూ పొద్దున్నే నీళ్లు చల్లి నేల చదును చేసేవాడు. మా బావ అవతల నిలబడి ఆడి, రోజూ ఓడిపోయి, ఆకలేస్తోందని ఇంట్లోకి పారిపోయేవాడు.

జిల్లా ఎంపికలకి వచ్చేసరికి బల్ల వెనక మళ్లీ ఆ సెక్రటరీయే! ఏ క్లబ్బు తరఫునని అడిగాడు.

"మా మావ కళ్లం తరఫునండి."

అందరూ నవ్వారు. క్లబ్బు లేనిదే కుదరదన్నాడు.

"మీ అబ్బాయిని పిలవండి. మళ్లీ ఆడతాను. ఓడితే నేనే ఎల్లిపోతాను," అంది అప్ప.

ఆయన పిలవలేదు. బయటికి పంపించేయమన్నాడు. అక్కడితో సరి, మా అప్ప టెన్నిసు. తర్వాత రాజాంలో డ్రిల్లు టీచరుగా రిటైరయ్యేదాకా పనిచేసింది, పిల్లలచేత కబడ్డీ ఆడించింది.

ఈ ఏడు ఆ క్లబ్బే కొత్త కోర్టు వేసి, అప్పని సన్మానానికి పిలిచింది. నేను వద్దంటే అప్ప వినలేదు. పోట్లాడదామనే నేనూ వెళ్లాను. శాలువా కప్పింది ఎవరనుకున్నారు? ఆ సెక్రటరీ గారబ్బాయే, ఇప్పుడు కర్ర పట్టుకున్న ముసలాడు. "మా క్లబ్బు ఆడపడుచు" అన్నాడు మైకులో! నేను లేచాను. అప్ప కళ్లతోనే నన్ను కూచోబెట్టింది.

ఆటోలో అరిచేశాను, ఒక్కమాటైనా అనలేకపోయావా అని.

"ఏటనమంటావే? ఆడు మాట్లాడతంటే ఆడి బేక్‌హేండు గుర్తొచ్చింది. ఎంత అధ్వానంగా కొట్టీవోడో! నవ్వాపుకోలేక సచ్చాను," అని పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. కాలం వచ్చి ఆ కోపాన్ని అప్ప దగ్గర్నుంచి ఎప్పుడో పట్టుకుపోయింది. నా దగ్గరికే ఇంకా రాలేదు.