లస్మమ్మ గోడకు చిన్న ప్లగ్గు

సంగారెడ్డి బజారుకు కరెంటు కొత్తగా వచ్చిన కాలం. బల్బు వెలగ్గానే దుకాణదార్లు దీపానికి మొక్కినట్టు మొక్కే రోజులవి. వాళ్లందరికీ వైరింగు చేసింది ఖయ్యూం సాబే. చెవి మీద పెన్సిలు, పెదవుల మధ్య స్క్రూలు. మాటలన్నీ ఆ సందులోంచే. గోడ కంటే ముందు దుకాణాన్ని ఎగాదిగా చూసేవాడు. హోటలైతే లావు వైరు లాగి పదిహేను ఆంపుల పెద్ద ప్లగ్గు పెట్టేవాడు. చిన్న దుకాణాలకు రేడియోకో టేబుల్ ఫ్యానుకో సరిపోయే ఐదు ఆంపులది. చాకలి లస్మమ్మ ఇస్త్రీ దుకాణంలో బొగ్గుల పెట్టె చూసి, అడగకుండానే చిన్నది బిగించాడు.

ఎండాకాలం పోయేసరికి లస్మమ్మ పట్నం నుంచి కరెంటు ఇస్త్రీ పెట్టె తెచ్చుకుంది. దాని లావు పిన్నులు గోడ మీది చిన్న ప్లగ్గులో పట్టలేదు. పిన్నులు కోసేసి, ఉత్త తీగలు దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు బిగించింది. కాలిన వాసనకు ఖయ్యూం సాబ్ ఉరికొచ్చి మెయిన్ బంద్ చేశాడు. తిట్టడానికి నోట్లోంచి స్క్రూలు తీసేలోపే లస్మమ్మ అన్నది: "ఏంది సాబ్, నేను బతికినన్నొద్దులు బొగ్గులే ఊదుతననుకున్నవా?" ఆయన కాలిన ప్లగ్గు ఊడదీశాడు. ఆ సాయంత్రమే లావు వైరు లాగి పెద్దది పెట్టాడు. ఆ తర్వాత ఏ దుకాణానికి పోయినా ముందు స్క్రూలు తీసి చేతిలో పట్టుకునేవాడు. "ఇప్పుడేమున్నదో నాకు కనబడ్తనే ఉన్నది. రేపేం కొంటవో జెర చెప్పు," అనేవాడు. గాజులమ్మే జులేఖా బీ ఆ మాటకు కిరసనాయిలు బుడ్డి తుడుస్తూ చాలాసేపు నవ్వింది. తర్వాత లేచి, గోడ మీద ఒకచోట వేలు పెట్టింది. "ఈడ పెద్దదే పెట్టు, భయ్యా."