అవ్వ ముఖం మీద రవ్వ

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలో ఒకే ఒక్క శత్రువు. పేరు నాయిస్. అంటే వెలుతురు చాలని చోట తీసిన ఫోటోల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు పడే చుక్కలన్నమాట. అరకులో కాఫీ గింజలు కొనే చిన్న గోదాంలో నాది గుమాస్తా ఉద్యోగం. తీరిక దొరికితే ఫోటోలు తీసి, వాటిని అమ్మిపెట్టే ఒక సైటుకి పంపేదాన్ని. ఎక్కడో ఏదో కంపెనీ నా ఫోటోని క్యాలెండరు మీద వేసుకుంటుందని కలలు కనేదాన్ని. నా సెకండ్ హ్యాండ్ చవక కెమెరా ఎండలో బంగారంలా పనిచేసేది. కానీ మా కొండల్లో ఎండ ఎప్పుడు దయతలిచింది కనుక? ఏడాదిలో సగం మంచు, మిగతా సగం మబ్బు. నేను పంపడం, వాళ్లు 'నాయిస్ ఎక్కువ' అని తిప్పికొట్టడం, నేను అలిగి అన్నం మానేయడం (మధ్యాహ్నం మాత్రమే, రాత్రికి ఆకలేసేది). ఇదీ నా దినచర్య.

ఫోన్‌లో వీడియోలు చూసి విరుగుడు నేర్చుకున్నాను. కెమెరా వెలుతురుని ఎంత గట్టిగా లాగాలో చెప్పే ఐ.ఎస్.ఓ. అంకె తగ్గించాలి. బదులుగా షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అప్పుడు కెమెరా కదలకూడదు, మనిషీ కదలకూడదు. స్టాండు కొనే స్తోమత లేక, సంచిలో కాఫీ గింజలు పోసి దాని మీద కెమెరాని కూర్చోబెట్టాను. కదలని మనిషిగా మిరియాల అవ్వ ఒప్పుకుంది. కొండ మీది ఊరి నుంచి గోదాంకి మిరియాలు తెచ్చేది కనుక ఆమెకి ఆ పేరు. పొయ్యి పక్కన ఆమె ముఖం తీస్తే ఏ సైటూ కాదనలేదని నా నమ్మకం. అవ్వ షరతు మాత్రం ఒకటే (ఆమెకి ఆడపిల్లలందరూ 'గుంట'లే).

"నాకో పోటో ఇయ్యాల గుంటా. పోయిన మా ముసిలోడికి ఒక్కటీ లేదు. ఆడి మొకం మనవలకి తెల్దు. నా మొకమైనా ఉండాల."

 తప్పకుండా ఇస్తానన్నాను.

కదలొద్దంటే అవ్వ ఊపిరి కూడా బిగబట్టేది. క్లిక్కుమనే లోపు దగ్గు వచ్చేది. "బేగి తియ్యి గుంటా, సచ్చిపోతన్నాను!" అనేది. ఒకసారి పొయ్యి ఊదడానికి వంగింది, ఇంకోసారి కోడి వచ్చి ఒళ్లో కూర్చుంది. గుమ్మంలో ఎవరు తొంగిచూసినా "రా, అంబలి తాగు" అని పిలవకుండా ఉండలేదు, అక్కడ అలా పిలవకపోతే తప్పు. విసిగిపోయి ఐ.ఎస్.ఓ. పెంచేసి టక్కున తీశాను. అవ్వ నవ్వు అద్భుతంగా వచ్చింది. దాని నిండా రవ్వా వచ్చింది.

అప్పుడు దొరికింది చుక్కలు చెరిపే యాప్. ఒక గీత మీద వేలు జరిపితే చాలు. కొంచెమే జరపమన్నారు కానీ నేను చివరిదాకా లాగేశాను (కూరలో ఉప్పు విషయంలోనూ నాది ఇదే పద్ధతి). అవ్వ ముఖం ఒలిచిన కోడిగుడ్డులా నున్నగా తేలింది. సైటు వాళ్లు తీసేసుకున్నారు! గోదాంలో అందరికీ మిఠాయి పంచాను. పాడేరులో పెద్ద ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, సారె పట్టుకెళ్తున్నంత సంబరంగా అవ్వ ఇంటికి వెళ్లాను.

అవ్వ ఫోటోని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా జరిపి చూసింది. "ఎవర్తే ఈ గుంట? బాగుంది."

"నువ్వే అవ్వా!"

"నానా? మరి నా పచ్చబొట్లేవే?"

నుదుటి మీద, బుగ్గల మీద, గడ్డం మీద చిన్నప్పుడు పొడిపించుకున్న చుక్కలు. అవి రవ్వ కాదని యాప్‌కి ఏం తెలుసు? సంబరంలో నేనూ చూసుకోలేదు.

"ఎండీ బంగారం ఇక్కడే ఉండిపోతాది. మనతో వొచ్చేవి ఇయ్యే. ఈటిని సూసే అక్కడ మా ముసిలోడు నన్ను ఆనవాలు పడతాడు" అంటూ అవ్వ తన గడ్డం తడుముకుంది. నవ్వుతూనే అంది కానీ నాకు ఏడుపొచ్చేసింది.

అసలు ఫోటో తెరిచి చూస్తే ఏది పచ్చబొట్టో ఏది రవ్వో నాకే అంతుపట్టలేదు. కాఫీ పళ్లు ఆరబోసిన వాకిట్లో అవ్వని కూర్చోబెట్టి, మబ్బు విడిచేదాకా పక్కనే కూర్చున్నాను. ఎండ రాగానే ఐ.ఎస్.ఓ. అడుగుకి దించి తీశాను. యాప్ జోలికి పోలేదు. ఆ ప్రింటు తెచ్చి ఇస్తే అవ్వ ఒక్కో చుక్క మీదా వేలు ఆనించి చూసుకుని, "ఆఁ, ఇది నాను" అంది. పాతది వెనక్కి తీసుకోబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీయే. పాపం, ఆ గుంటకి ఒక్క బొట్టూ లేదు. పైకెళ్తే దాన్నెవుడు ఆనవాలు పడతాడు? మా ఇంట్లోనే ఉంటాది."

రెండూ పక్కపక్కనే తగిలించింది. అవ్వ పోయి కొంతకాలమైంది. ఇప్పుడు నా దగ్గర చీకట్లోనూ రవ్వ పడని కెమెరా ఉంది. మొన్న ఆ ఊరెళ్తే అవ్వ మునిమనవరాలు నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లింది. "ఈవిడ మా అవ్వ. ఈవిడ అవ్వ సెల్లి" అని చూపించింది. చెల్లెలి పేరేమిటని అడిగాను. "ఏటో, తెల్దు. సాలా మంచిదంట."

నేను సరిదిద్దలేదు. గీతని చివరిదాకా లాగేసి గోదాం అంతా మిఠాయి పంచిన ఆ పిచ్చి గుంటని తలుచుకుని నవ్వుకున్నాను. అవ్వకి దండం పెట్టి, పక్కనున్న ఆవిడకీ ఒకటి పెట్టి వచ్చాను.