బిచ్చప్ప కాక విన్న నవల

కరోనా తగ్గిన ఏడాది నన్ను పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ మీద పొద్దటి షిఫ్టుకు వేశారు. నేను నాలుగో తరగతి వరకే చదివాను. ఇలా రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

బాయిలర్ అంటే నీళ్లను ఆవిరి చేసే పెద్ద ఇనుప యంత్రం. నేను అటెండెంటును. నీటిమట్టం, ఆవిరి ఒత్తిడి చూసుకోవాలి. బొగ్గు వేసే ఫైర్‌మన్ బిచ్చప్ప కాక, కర్దనూర్ ఆయన. డ్యూటీలో పుస్తకం ముట్టకూడదు. షిఫ్టు దిగాక గేటు ముందు చాయ్ బండి దగ్గర నేను నవల చదివేవాణ్ని, చదువు రాని కాక వినేవాడు. నాలుగు లావు భాగాల రాజుల కథ అది. సంగారెడ్డిలో పాత పుస్తకాల దుకాణంలో కొన్నాను. వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతాను కాబట్టి కథ మెల్లగా నడిచేది.

రెండో భాగం సగంలో ఉండగా కాకకు రిటైర్మెంట్ కాగితం వచ్చింది. ఆ నెలాఖరుకే. కథలో కోట ఎవరికి దక్కుతుందో తెలియకుండానే పోతానని ఆయన దిగులు.

"జెర అక్కడక్కడ ఇడిసిపెట్టి సదువుతా కాకా, జల్దీ అయితది," అన్నాను.

"సల్లటి బాయిలర్‌కు ఒక్కసారే మంట వెడ్తవారా?" అన్నాడు.

పెట్టం. గొట్టాలు లీకవుతాయి. వేడి మెల్లగా పెంచాలి.

"మరి కథకెందుకు వెడ్తవ్?"

పక్కనే చాయ్ తాగుతున్న ఫిట్టర్ యాదగిరి నవ్వాడు. "కోట గెలిస్తె నీకేమన్న అమీన్‌పూర్‌ల ప్లాటిస్తరా కాకా?"

నెలాఖరుకు మూడో భాగం మొదట్లోనే ఉన్నాం. కాకకు దండ వేసి, శాలువా కప్పి పంపారు. మర్నాడు నేను షిఫ్టు దిగి వచ్చేసరికి చాయ్ బండి దగ్గర కూర్చుని ఉన్నాడు.

"నౌకరికెల్లి రిటైరైన. కథకెల్లి గాదు. సదువు."

రోజూ ఆటోలో వచ్చేవాడు. ఎండాకాలంలో నవల అయిపోయింది. కోట కూలిపోయింది, ఎవరికీ దక్కలేదు.

"ఇగ నీకు ఎండల తిప్పలు లేవు కాకా," అన్నాను.

"ఎవడు సచ్చేది, ఎవడు బతికేది ఎర్కైంది. ఇగ పరేషాన్ లేదు. మొదటికెల్లి సదువు."

మొదటి భాగంలో ఒక తల్లి యుద్ధానికి పోయే కొడుక్కి సద్ది కడుతుంది. తొలిసారి అది పట్టించుకోకుండా దాటిపోయాం. ఈసారి వాడు తిరిగి రాడని తెలుసు. కాక చెయ్యెత్తి ఆపమన్నాడు. "ఆ సద్ది కట్టింది మళ్లొకసారి సదువు," అన్నాడు.

ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. నాకు తెలిసింది ఇంతే. పెద్ద నవల మొదటిసారి చివర కోసం చదువుతాం. మిగతాదంతా రెండోసారికి దొరుకుతుంది. తొందరపడితే రెండూ ఉండవు.

మూడోసారి చదువుతున్నాం. రెండో భాగంలో ఉన్నాం.