పరకలకు నాలుగు దినాల నీళ్లు

కాటేదాన్ దగ్గర నేను సైన్సు చెప్పే బడిలో ఒక అద్దాల తొట్టి ఉంది. ఎవరో దాత ఇచ్చాడు. ఎర్రవి, పసుపువి, ఒంటికన్నా తోకే పెద్దగా ఉన్నవి, ఏ దేశాల చేపలో అందులో తిరుగుతుంటాయి. మా పిల్లలకు వాటి పేర్లన్నీ ఇంగ్లీషులో నోటికి వచ్చు. ఒకసారి మా ఊరి కుంటలోంచి రెండు పరక చేపలను సీసాలో పట్టుకెళ్లి చూపించాను. "టీచర్, గివి ఏ కంట్రీయి?" అని అడిగింది ముందు బెంచీ పిల్ల. దాని తాత మా కుంట గట్టు మీద బర్రెలు కాసినవాడు. పిల్ల మీద కాదు గానీ, ఆ రోజంతా నా ఒళ్లు మండుతూనే ఉంది.

పరక మన చూపుడు వేలంత కూడా ఉండదు. వెండి రంగు ఒళ్లు, తోక మొదట్లో ఒక నల్ల చుక్క, వీపు రెక్క అడుగున ఇంకొకటి. లోతుకు పోదు. గట్టు వారన, మోకాటిలోతు నీళ్లలో, నాచు మధ్య తిరుగుతుంది. నాచు తింటుంది, నీళ్లలో ఉండే దోమ పురుగుల్ని తింటుంది. వానాకాలం వీధిలోకి దోమల మందు పొగబండి తెచ్చేవాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వనీ. వాళ్ల పొగకు దోమలు చచ్చింది నేనైతే చూడలేదు, మాకు మాత్రం దగ్గు వస్తుంది.

తొలకరి పడే వేళకు మగ పరక పక్కల మీద ఎర్రటి చార తేలుతుంది. ఆడదాని పొట్ట గుడ్లతో ఉబ్బుతుంది. పై మడులు నిండి, కొత్త నీళ్లు ఒర్రె గుండా కుంటలోకి దిగాయో లేదో, ఇవి ఆ నీటికి ఎదురెక్కుతాయి. ఒర్రె అంటే ఎంత, చిన్న వాగు కూడా కాదు. చీలమండ మునగని నీళ్లలో పక్కకు ఒరిగి, రాళ్ల మీదికి ఎగిరి, పడి, మళ్లీ ఎగిరి మడిలోకి చేరతాయి. అక్కడ నీట మునిగిన గడ్డికి గుడ్లు అంటిస్తాయి. కుంటలోనే పెడితే పెద్ద చేపలు మింగేస్తాయి. అవి వదిలితే కన్న పరకలే తినేస్తాయి, వాటి ఆకలి వాటిది. మడిలో గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పగులుతుంది. పిల్ల ఇంకో రోజు గడ్డిని పట్టుకొని వేలాడి, ఈత వచ్చాక నీళ్లతోపాటు కుంటలోకి జారిపోతుంది. మడిలో నాలుగు దినాలు నీళ్లు నిలిస్తే చాలు, ఆ ఏటికి కావాల్సిన పరకలు పుట్టేస్తాయి.

మా అమ్మ బతికున్నన్ని రోజులూ తొలివానకు ఒర్రెలో ఎవరూ చేప పట్టేవాళ్లు కాదు. అది ఊరి కట్టడి. ఒర్రె పక్కన మడి ఉన్న ప్రతి ఇంటివాళ్లూ గట్టు మూల కొంచెం తెంపి, అక్కడ రెండు రాళ్లు మెట్టులా పెట్టేవాళ్లు, చేప ఎక్కడానికి. ఎవడైనా ఆశ పుట్టి బుట్ట పట్టుకొని వస్తే, "పురుటికి పుట్టింటికి పొయ్యే పిల్లకు తొవ్వకు అడ్డం పడ్తవురా?" అని మొదలుపెట్టేది అమ్మ. ఆ తర్వాత తిట్టిన తిట్లు అచ్చులో పెట్టలేను. అమ్మ నోరే నాకు వచ్చిందంటారు. రాక ఎక్కడికి పోతుంది.

ఇప్పుడా మడులు లేవు. తొండుపల్లి వైపువి విమానాశ్రయం కిందికి పోయాయి, మిగతావి వెంచర్లయ్యాయి. కుంటకు పైన చివరికి ఒక్క మడి మిగిలింది. అది మా నాన్న మడి, ఇప్పుడు మా తమ్ముడిది. ఆడపిల్లకు పసుపు కుంకుమ పెట్టాం గదా అని భూమి మొత్తం వాడికి రాశారు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే పుట్టిల్లు పోతుందని అందరూ భయపెట్టారు. ఆ మడిలోకైనా పరకలు ఎక్కుతున్నాయిలే అని సర్దుకున్నాను. పరక రెండు మూడేళ్లకు మించి బతకదు. ఎక్కే చోటు లేక రెండు వానాకాలాలు గుడ్లు పాడైతే, మా కుంటలో ఇక పరక అన్నది ఉండదు.

పోయిన జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన తెల్లారి, బడికి వెళ్తూ ఏటా ఆగినట్టే మడి దగ్గర స్కూటీ ఆపాను. ఒర్రెలో పరకలు తళతళమంటూ ఎక్కుతున్నాయి. మడిలో జానెడు నీళ్లు. గడ్డి మొదళ్ల నిండా ఆవగింజలకన్నా సన్నగా, గాజు పూసల్లా గుడ్లు. తల ఎత్తి చూస్తే గట్టు అవతల మొరం మట్టి నింపిన లారీ. మా తమ్ముడు చెయ్యి ఊపుతూ దాన్ని వెనక్కి వెనక్కి మడిలోకి రమ్మంటున్నాడు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"మొరం అక్కా. మడి వెంచరోళ్లకు ఇచ్చేసిన గద, చెప్పలేదా నీకు?"

"నాకెవడు చెప్పిండు?"

వాడు చెవి గోక్కున్నాడు. నేను చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని లారీ వెనక బురదలో దిగి నిలబడ్డాను.

"అమ్ముకో. నీ భూమి, నీ ఇష్టం. నా వాటా అడిగిన్నా ఎన్నడన్న? నాలుగు దినాలు నీళ్లు అడుగుతున్న. గీ గుడ్లు పగలనీ, పిల్లలు కుంటల పడనీ. అటెన్క మొరం పోసుకుంటవో, మేడ కట్టుకుంటవో, నేను గిటు మొఖాన రాను."

"జర జల్ది తేల్చున్రి, నాకు కందుకూరు పొయ్యేదుంది," అన్నాడు డ్రైవర్, నవ్వు ఆపుకుంటూ.

తమ్ముడు నన్ను చూశాడు. చిన్నప్పుడు నా చంక దిగనివాడు, అమ్మ పోయాక నన్నే అమ్మలా చూసుకున్నవాడు. "సరే అక్కా, పరేషాన్ గాకు. నాలుగు దినాలు లారీ రాదు. మాటిస్తున్న," అన్నాడు. లారీ తిరిగి వెళ్లిపోయింది. నేను బురద కాళ్లతోనే బడికి పోయి, శనివారం మిమ్మల్ని ఒక చోటికి తీసుకెళ్తానని పిల్లలకు చెప్పాను. సంతోషం పట్టలేకపోయాను, ఆ సంగతి దాచుకోను.

తర్వాత రెండు రోజులు టీచర్లకు ట్రైనింగ్ అని పట్నానికి ఆ చివరన కూర్చోబెట్టారు. నాలుగో రోజు సాయంత్రం గానీ మడి దగ్గరికి పోలేకపోయాను.

మడిలో చుక్క నీరు లేదు. గట్టు మూల పారతో లోతుగా గండి కొట్టి ఉంది, నీళ్లన్నీ దాంట్లోంచి పోయిన జాడ తెలుస్తోంది. గడ్డి నేలకు వాలి అట్టకట్టింది. మోకాళ్ల మీద కూర్చొని ఒక దుబ్బు విడదీశాను. గుడ్లు దుమ్ము పట్టిన చుక్కల్లా అంటుకొని ఉన్నాయి. వేలితో రాస్తే పొడిగా రాలాయి.

తమ్ముడు గట్టు మీద నుంచి నడిచి వచ్చాడు.

"నీళ్లెవడు తీసిండు?"

"నేనే అక్కా, మొన్న పొద్దున. బురదల లారీ దిగవడ్తది గద. నాలుగు దినాలు ఎట్లనో ఆగుతున్నం, అందాంక ఆరితే గట్టిగైతదని."

"మరి గుడ్లు ఏం గావాలెరా?"

వాడు నిజంగా అర్థంకానట్టు చూశాడు. "లారీ రానియ్యలే గదక్కా. మాట తప్పిన్నా నేను?"

తప్పలేదు. నాకు మంట ఎత్తిందే అందుకు. మోసం చేసి ఉంటే రెండు తిట్టి, మూడు నెలలు మాట్లాడకుండా ఉండి, రాఖీకి కలిసిపోయేవాళ్లం. ఆ మడిలో నీళ్లు కట్టి పెరిగినవాడు వీడు. అర్ధరాత్రి లేచి పక్కవాడి గట్టు తెగితే పరిగెత్తి పూడ్చినవాడు. నాలుగు దినాల నీళ్లు అని నేను గొంతు చించుకుంటే, వాడి చెవిలో పడింది నాలుగు దినాలు మాత్రమే. కాగితం మీద సంతకం పెట్టిన రోజే వాడి కళ్లకు అది ప్లాటైపోయింది. ప్లాటులో నీళ్లుంటే తీసెయ్యాలి, అంతే వాడికి తెలిసింది.

తిట్టాను. అమ్మ దగ్గర నేర్చినవన్నీ తిట్టాను. నీ బుద్ధి బూడిదైందిరా అన్నాను, అన్నం పెట్టిన మడి నోట్లో మన్ను కొట్టినవ్ అన్నాను. వాడు తల వంచుకొని మొత్తం విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, పక్కకు పోయి కానుగ చెట్టు నీడలో పెట్టిన బకెట్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"నీకోసమే ఇయ్యాల పొద్దున ఏరి పెట్టినక్కా. గుంటలల్ల మిగిలినయి. మిరుగు నడుస్తుంది గద, పులుసు పెట్టుకో."

మిరుగంటే మృగశిర కార్తె, అప్పుడు మా వైపు చేప ఉడకని ఇల్లు ఉండదు. వాడు నా పండుగ గుర్తుపెట్టుకున్నాడు. బకెట్‌లో గుప్పెడు నీళ్లలో పరకలు ఒకదాని మీద ఒకటి, మూతులు పైకి పెట్టి ఆయాసపడుతున్నాయి. గుడ్లు పెట్టిన పొట్టలు లోపలికి పోయాయి. గండి కొట్టినప్పుడు నీళ్లతో దిగిపోలేక మడి గుంటల్లో చిక్కుకున్నవి ఇవి. వాడి ముఖంలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఆ ప్రేమను చూస్తే బకెట్ తీసి వాడి నెత్తినే కొట్టాలనిపించింది.

బకెట్ లాక్కొని కుంటకు నడిచాను. "ఆగక్కా, కడిగిచ్చి ఇస్త," అంటూ కొంత దూరం వెనకే వచ్చి ఆగిపోయాడు. గట్టు వారన నీళ్లలో బకెట్ వంచాను. కొన్ని కదిలి నాచులోకి పోయాయి. చాలా వరకు వెల్లకిలా తేలాయి.

తిరిగి వచ్చేసరికి తమ్ముడు మడి నడిమధ్యలో నిలబడి, మడమతో నేలను తొక్కి తొక్కి చూస్తున్నాడు. చెవి దగ్గర ఫోన్ ఉంది.

"నాలుగు దినాలు ఇయ్యాల్టికి నిండినయన్నా," అంటున్నాడు లారీ అతనితో. "రేపు పొద్దున రా. నేల మంచిగ గట్టివడ్డది."