గుండయ్య ఎర్ర కాయితం

కథలు చదివేవాళ్లంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంటే. ఉన్న బతుకులో జరిగేవి చాలవన్నట్టు, లేనివాళ్ల కష్టాలు వెతుక్కుని మరీ బాధపడతారు. అలాంటి మనిషొకడు, లాల్‌దర్వాజాలో మూడు కంప్యూటర్లతో నేను నడిపే నెట్ సెంటరుకు వారానికోసారి వచ్చి, రెండేళ్లపాటు నాచేత కథల మీద సమీక్షలు టైపు చేయించి బ్లాగులో పెట్టించాడు. ఆయన పేరు గుండయ్య. నా పేరు డానియేలు. ఆ బ్లాగులో జరిగిన తప్పులో పెద్ద వాటా నాది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా.

గుండయ్యది నల్లా నీళ్లు వదిలే ఉద్యోగం. ఉప్పుగూడ వైపు గల్లీలు ఆయన లైను. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం మూడున్నరకు, మనిషంత పొడుగు ఇనుప చావిని సైకిలుకు అడ్డంగా కట్టుకుని వచ్చి దాంతో వాల్వు తిప్పేవాడు. గంట తర్వాత మళ్లీ తిప్పి బంద్ చేయాలి. ఆ గంటసేపు ఎక్కడికీ పోవడానికి లేదు. అందుకని వాల్వు గుంత గట్టు మీద కూర్చుని కథలు చదివేవాడు. చదివింది ఏడో తరగతి. పాత పేపర్ల దుకాణంలో వారపత్రికలు తూకానికి కొనుక్కునేవాడు. తొంభైల్లో ఆ కథల మీద పత్రికలకు కార్డులు రాసేవాడు. అచ్చయినవి నలభై దాకా ఉంటాయి, కత్తిరించి రేకు డబ్బాలో పెట్టుకున్నాడు.

ఆ నలభైలో ఒకటి మాత్రం ఆయన ఎవరికీ చూపించడు. నాకొక్కడికే చెప్పాడు.

"తొంభై నాలుగుల ఒక కథ మీద మస్తు కోపమొచ్చి రాసిన. ఈయన కలం పక్కన పెడితే మనకు పుణ్యముంటదని. అచ్చేసిన్రు. ఆ తర్వాత ఆయన పేరు నాకు మళ్ల యాడ కనపడలే. రెండేండ్లు ఎతికిన డానియేలు. బదిలీ అయిండో, సచ్చిపోయిండో, నాకేం ఎరుక. కానీ నా కార్డు తర్వాతనే గిట్లయింది."

అప్పట్నుంచి ఆయనకొక పద్ధతి. ఏ కథ చదివినా ముందు ఎర్ర పెన్నుతో ఒక కాయితం రాసేవాడు. కోపం, వెటకారం, విసుగు, అన్నీ అందులో కక్కేసేవాడు. రెండు రోజులాగి, మళ్లీ కథ చదివి, నీలం పెన్నుతో ఇంకో కాయితం రాసేవాడు. ఎర్రది ఇంట్లో డబ్బాలోకి, నీలంది బయటికి. ఆయన భార్య లీలమ్మకు చదువు రాదు. కానీ ఆమెకూ తెలుసు, ఎర్రది గడప దాటొద్దని.

రెండువేల ఆరులో ఎవరో చెబితే విని నా దగ్గరికొచ్చాడు. "దీంట్ల తెలుగు వస్తదంట గద తమ్మీ" అన్నాడు. ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారుతుందని చూపిస్తే, చాలాసేపు తెరకు ముక్కు ఆనించి కూర్చున్నాడు. బ్లాగు తెరిచాం. పేరు ఆయనే పెట్టాడు, 'నల్లా వదిలిన గంట' అని. ఆయన నీలం కాయితం ఇస్తాడు, నేను టైపు చేస్తాను. చదివేవాళ్లు మొదట పదిమంది, ఏడాదికి రెండొందలు. ఎవరో రిటైరైన లెక్చరరు రాస్తున్నాడని కొందరు అనుకున్నారు. ఆ మాట చదివి వినిపిస్తే మూడు రోజులు అందరికీ చాయ్ తాగించాడు.

నేను మాత్రం ఒక్క కథా చదవలేదు. సమీక్ష టైపు చేస్తే కథ తెలిసిపోయినట్టే కదా అని నా లెక్క. ఇంకో రోగం కూడా ఉండేది నాకు. టైపు చేస్తుంటే చేతులు ఊరుకునేవి కావు. అక్కడో మాట, ఇక్కడో మాట నాది కలిపేవాణ్ని. గుండయ్య కనిపెట్టలేదని లోపల నవ్వుకునేవాణ్ని.

నా భార్య బేబీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మధ్యాహ్నం నేను ఉప్పుగూడలో ఇంటికెళ్లి తిని, కాసేపు నడుం వాల్చి వచ్చేదాకా ఆమె వచ్చి సెంటర్లో కూర్చునేది. మూడింటికల్లా మళ్లీ ఇంటికి, నీళ్ల కోసం. తెలుగు ఎట్లా కొట్టాలో ఒకరోజు అడిగితే విసుక్కుంటూనే నేర్పాను. చర్చిలో పాటలు రాసుకుంటోంది కాబోలనుకున్నాను. అడగలేదు.

రెండువేల ఎనిమిది వానాకాలం. అంతకుముందు నెల గుండయ్య ఒక సమీక్షను వాల్వు గుంతలో పడేసుకున్నాడు. నెల్లాళ్లు నెత్తి కొట్టుకుని, లీలమ్మతో చెప్పాడు, ఇకమీదట ఏ కాయితమైనా జిరాక్సు తీయించి, జిరాక్సే సెంటర్లో ఇవ్వాలని. మొదటిసారి ఆ పని పడిన రోజున ఎక్కడో పెద్ద పైపు పగిలి, ఆయన పొద్దుటి నుంచి బురదలో ఉన్నాడు. ఏ కాయితమైనా అన్నాడు కదా అని లీలమ్మ రెండు కాయితాలూ పట్టుకుపోయి, రెండూ జిరాక్సు తీయించింది. జిరాక్సులో ఎర్రదీ నలుపే, నీలందీ నలుపే. ఆమె పైనున్నదాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

అది ఎర్ర కాయితం. నాకేం తెలుసు? నెట్ పత్రికలో 'మూడో బిందె' అని ఒక కథ. రాసినామె మైథిలి, అదే ఆమె మొదటి కథ. దాని మీద గుండయ్య నిప్పులు కక్కాడు. బిందె నిండలేదని మూడు పేజీల ఏడుపా అన్నాడు. ఈమె రాసుడు బంద్ చేసి ఒక్కరోజు నల్లా కాడ నిలబడి చూడాలె అన్నాడు. టైపు చేస్తుంటే నాకు భలే హుషారొచ్చింది. ఇన్నాళ్లకు పెద్దమనిషికి రోషం వచ్చిందనుకున్నాను. ఆ ఊపులో చివర నాదొక వాక్యం తగిలించాను: 'ఈమెకు ఇంట్లో పనీపాటా లేనట్టుంది.' పదకొండింటికల్లా నొక్కేశాను. బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైటులో పది నిమిషాలకే కనపడింది. సాయంత్రానికి నాలుగొందల మంది చదివారు, పాతిక మంది చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున గుండయ్య వచ్చి తెర చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గిది ఎర్రది డానియేలు," అన్నాడు. "తీసెయ్."

తీసేశాను. కానీ అప్పటికే చాలామంది మెయిళ్లలోకి వెళ్లిపోయింది. తీసేసే ముందు కింద కామెంట్లలో ఒకటి ఆయన చదివేశాడు. మైథిలి రాసింది: 'చదివినందుకు ధన్యవాదాలండీ. ఇక రాయను.'

ఆ నాలుగు మాటలు మనిషిని పట్టుకున్నాయి. క్షమించమని బ్లాగులో పెట్టించాడు. జవాబు లేదు. పత్రికవాళ్లకు మెయిలు కొట్టించాడు. రచయిత్రి అడ్రసు ఇవ్వలేమన్నారు. రోజుకు రెండుసార్లు వచ్చి గుమ్మంలోంచే అడిగేవాడు, "ఏమన్న వచ్చిందా?" అని. రాలేదంటే లోపలికి కూడా రాకుండా వెళ్లిపోయేవాడు. "నిద్రల గూడ లేచి కూసుంటుండు, బువ్వ సక్కగ తింటలేడు" అని లీలమ్మ నన్ను తిట్టినంత పని చేసింది. ఆమె తెచ్చిన కాయితమే అది. ఆ ఫికర్ ఆమెకూ ఉంది.

"ఒక్కరు పోయిన్రు నా చేతుల," అన్నాడు ఒకరోజు. "ఇంకొక్కరు పోవద్దు."

అదే రోజుల్లో మా ఇంట్లో కూడా ఏదో తేడా చేసింది. బేబీ మధ్యాహ్నాలు సెంటరుకు రావడం మానేసింది. తలనొప్పి అంది ఒకరోజు. ఆ తర్వాత ఎప్పుడడిగినా ఒకటే మాట, "ఇంట్ల పనున్నది." తుడిచిన గచ్చే మళ్లీ తుడిచేది. గిన్నెలు తోమి బోర్లించి, మళ్లీ తీసి తోమేది. నాకు కోపమొచ్చింది కానీ, అర్థం కాలేదు.

గుండయ్య ఆ గంటసేపు వేరే కథలు చదవడం మానేసి, ఆ ఒక్క కథే మళ్లీ మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. పదో రోజున ఆ కథ ప్రింటు తెచ్చి నా ముందు పరిచాడు.

"సూడు. నీళ్లొచ్చే ముంగట పైపు మూడుసార్లు దగ్గుతదంట. రెండో బిందె నిండేటాల్లకు ఇంటి ఎన్కంగ రైలు పోతదంట. నేను వదిలేది మూడున్నరకు. రైలు మూడు యాభైకి. గట్ల లెక్క కలిసేది నా లైన్లనే. అదీ గల్లీ ఆఖర్ల ఉన్న ఇల్లే కావాలె. ఆఖరిండ్లకే గాలి ముందుగాలొస్తది."

లైను చివర ఇళ్లు ఆయన లెక్కలో నాలుగు తేలాయి. నీళ్ల రోజుకో ఇల్లు చొప్పున చూసొస్తానన్నాడు. వెళ్లి ఏం చెబుతావన్నా అంటే, జేబులోంచి నీలం కాయితం తీసి చూపించాడు. చెమటకు మడతలు చిరిగిపోతున్నాయి.

నాలుగో ఇల్లు చూసొచ్చిన రోజు ఐదు గంటలకు సెంటరుకొచ్చాడు. సైకిలు గోడకు ఆనించకుండానే వదిలేశాడు. అది పడిపోయినా తిరిగి చూడలేదు.

"దొరికింది."

"ఎవరన్నా?"

"నేను పిలువలే. దూరంకెల్లి చూసి వచ్చిన." చేతిలో ప్రింటు విప్పాడు. "కథల ఉన్నట్టే మెట్ల కింద నల్లా. నీలం డ్రమ్ము. డ్రమ్ము మీద ఎర్ర రంగుతోటి సిలువ గుర్తు."

ఆ సిలువ నేనేశాను. పక్కింటివాళ్లు డ్రమ్ము మార్చేస్తున్నారని పోయిన క్రిస్మసుకు మిగిలిన రంగుతో వేశాను.  గుండయ్య నా మొహంలోకి చూడలేక కీబోర్డుకేసి చూశాడు.

"మద్యానాలు ఈడ కూసుంటది గద చెల్లె," అన్నాడు. "తానే."

ఇద్దరం నడిచే వెళ్లాం.  నాకు ఆ వాక్యం తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు. కన్నతల్లి మీద ఒట్టు, ఆ పది నిమిషాల్లో ఆ ఇల్లు ఇంకా దూరంగా ఉంటే బాగుండుననుకున్నాను.

బేబీ గుమ్మంలోనే ఉంది. గుండయ్య చేతిలో ప్రింటు చూడగానే ఆమెకు తెలిసిపోయింది. కూర్చోమని స్టూలు వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఆ కాయితం ఇంట్ల ఉండేది బిడ్డా. బయటికి వచ్చేది కాదు. తప్పయింది."

"మీరు రాసింది నిజమే అన్నా," అంది బేబీ. "ఏడుపు ఎక్కువనే అయింది. నాకు గూడ తర్వాత గట్లనే అనిపిచ్చింది. మల్ల రాద్దునేమో. కానీ ఇంట్ల పనీపాటా లేనట్టుందని రాసిన్రు. ఆ ఒక్కటి చదివినంక చెయ్యాడలే." కళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు. "పొద్దుగాల లేస్తే పండుకునేదాక పనే అన్నా నాకు."

గుండయ్య తల తిప్పి నాకేసి చూశాడు. ఒక్కసారే. రెండేళ్లుగా నేను కలిపిన మాటలన్నీ ఆయనకు తెలుసని ఆ చూపుతో నాకర్థమైంది. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు.

"అది గూడ నేనే రాసిన బిడ్డా," అన్నాడాయన. నీలం కాయితం ఆమె చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. యాభై నాలుగేళ్ల మనిషి, నా తప్పుకు నా పెళ్లానికి దండం పెట్టాడు.

మర్నాడంతా ఆ కాయితం బేబీ దగ్గరే ఉంది. ఆ మర్నాడు పొద్దున దాన్ని నాకిచ్చి, "టైపు చెయ్యి. అన్న అడుగుతడు," అంది. సెంటరుకు పోయి, షట్టరు సగం దించుకుని, ముందు కథ తెరిచాను. నా జన్మలో చదివిన మొదటి కథ.

మూడో బిందె నిండకపోవడం కాదు అసలు సంగతి. అది నిండుతుంది. ఆమె నిలబడి నిలబడి నింపుతుంది. మొగుడు వచ్చి ఆ నీళ్లతో స్కూటరు కడుగుతాడు. స్కూటరు రంగు కూడా రాసింది. నాదే.

నీలం కాయితంలో గుండయ్య రాశాడు: 'చివరి మూడు పేజీలు ఒక పేజీ చేయవచ్చు. కానీ నీళ్లు వచ్చే ముందు పైపు దగ్గుడు నేను ఇరవై ఏండ్లుగా వింటున్న, దాన్ని రాసినోళ్లను మొదటిసారి చూసిన. ఇది నీళ్ల కథ కాదు. నేను మొదట నీళ్ల కథ అనుకున్న, అందుకే తప్పు చదివిన. ఈమె ఇంకా రాయాలె.'

ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేశాను.  దాని కింద గీత గీసి, నా పేరు పెట్టి రాశాను: 'పోయిన సమీక్షలో ఇంట్లో పనీపాటా లేనట్టుంది అన్న వాక్యం గుండయ్యది కాదు. టైపు చేసిన డానియేలుది. కథ చదవకుండానే రాశాడు. రచయిత్రి అతని భార్య.' కళ్లు మూసుకుని నొక్కాను.

ఆమె చదువుతుందో లేదో, చదివితే ఏమంటుందో తెలియదు. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి కాసేపు సెంటర్లో కూర్చో అని ఫోనులో అడిగాను. వచ్చింది. నేను ఇంటికెళ్లి, నడుం వాల్చకుండా గుమ్మంలోనే కూర్చున్నాను. మూడింటికి ఆమె షట్టరు దించేసి తిరిగొచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. చెప్పులు విడిచి, లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చుకుని మెట్ల మీద కూర్చుంది.

మూడున్నరకు పైపు మూడుసార్లు దగ్గింది. ఆమె లేవలేదు.

"నల్లా వస్తుంది బేబీ," అన్నాను.

"వస్తది," అంది తలెత్తకుండా. "నాకు పనున్నది. నువ్వు పట్టు."

రైలు పోయేసరికి రెండో బిందె నిండింది. మూడోది పెట్టాను. ధార సన్నబడిపోయింది. దాని పక్కనే గొంతుక్కూర్చుని, నిండేదాకా చూస్తూ ఉన్నాను.